నాన్నగారి వాచీకి మెరుగు పెట్టించాలా, వద్దా?

పేరు ప్రచురించవద్దన్న అభ్యర్థనతో కాకినాడ నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. ఆమె తండ్రి కువైట్‌లో ఒక కంపెనీలో అకౌంటెంటుగా పనిచేస్తూ 1984లో రోలెక్స్ డేట్‌జస్ట్ వాచీ ఒకటి కొనుక్కున్నారు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు, ఉన్నదంతా అక్కడే వదిలేసి, ఎడారి దారిన జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానంలో ఇంటికి వచ్చిన ఆయనకు మిగిలింది చేతికున్న ఆ వాచీ ఒక్కటే. వాచీ కేసు (బయటి లోహపు గూడు) ఎడమ పక్కన ఉన్న లోతైన గీత ఆ ప్రయాణంలో లారీ ఇనుప చట్రానికి ఒరుసుకుని పడిందని ఆయన చెప్పేవారట. ఆరేళ్ల క్రితం ఆయన కాలం చేశారు. అప్పటి నుంచి వాచీ తల్లిగారి చేతిసంచిలో, ఆ సంచి బీరువాలో ఉంటోంది. ఆగిపోతే మంచిది కాదన్న నమ్మకంతో ఆవిడ ప్రతి శనివారం దాన్ని బయటికి తీసి, కాసేపు ఊపి, మళ్లీ భద్రపరుస్తారు.

ఉత్తరం రాసిన ఆమె కుమారుడి పెళ్లి మాఘమాసంలో. తాతగారి వాచీ పెళ్లికొడుకు చేతికి పెట్టాలని ఇంటిల్లిపాదికీ ఉంది. బాగుచేయిస్తానని హైదరాబాదులో ఉండే తమ్ముడు దాన్ని తీసుకెళ్లాడు. ఒకరోజు పెట్టుకుని వర్షంలో తడిశాడు. మర్నాటి నుంచి అద్దం లోపల ఆవిరి పడుతోంది. అంతకుముందు నుంచే రోజుకు నాలుగైదు నిమిషాలు ముందుకు పోతోంది. ఒక దుకాణంలో చూపిస్తే, సర్వీసు చేసి, కేసుకు, చైనుకు బఫింగ్ పట్టి (గుడ్డచక్రంతో మెరుగు పెట్టి), డయల్‌కు కొత్త రంగు వేసి రెండు రోజుల్లో ఇస్తామన్నారు. రోలెక్స్ అధీకృత సర్వీసు కేంద్రంవారు డయల్, ముళ్లు మార్చాల్సి ఉంటుందని, కొన్ని వారాలు పడుతుందని చెప్పి, కుటుంబం ఊహించనంత పెద్ద మొత్తం అంచనా రాసిచ్చారు. ఖర్చు తానే పెట్టుకుంటానని, దుకాణానికే ఇద్దామని తమ్ముడు అంటున్నాడు. ఆమె తటపటాయిస్తే, "నామీద నమ్మకం లేదా అక్కా" అని నొచ్చుకున్నాడు. ఇక పెళ్లికొడుకేమో దాన్ని రోజూ పెట్టుకోవచ్చా, వాచీని తిప్పుతూ ఉండే పెట్టె కొనాలా అని అడుగుతున్నాడు. "ముగ్గురూ మంచే కోరుతున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం అందగానే ఒక్క విషయం మాత్రం ఈ శీర్షిక వెలువడే దాకా ఆగకుండా మీకు విడిగా తెలియజేశాము. మిగతా పాఠకులకూ పనికొస్తుంది గనుక మళ్లీ చెబుతున్నాను. అద్దం లోపల ఆవిరి కనిపించిన వాచీ విషయంలో బఫింగ్, డయల్, ఖర్చు అన్నీ తరువాతి మాటలు. లోపలికి చేరిన తడి వల్ల ఉక్కు భాగాలకు తుప్పు పట్టడానికి నెలలు అక్కర్లేదు, రోజులు చాలు. అలాంటి వాచీని ఎండలో పెట్టడం, బియ్యం డబ్బాలో పూడ్చడం, జుట్టు ఆరబెట్టే యంత్రం కింద ఉంచడం ఏదీ చేయకూడదు. వేడి తగిలితే నీరు ఆవిరై లోపలే ఇంకో మూలకు చేరుతుంది తప్ప బయటికి పోదు. పనితెలిసిన మెకానిక్ వెనక మూత తీసి, మెషీన్‌ను ఆరబెట్టి, తుప్పు మొదలైందో లేదో చూడాలి. సర్వీసు ఎక్కడ చేయించాలన్నది తేలకపోయినా ఈ పని ఆగకూడదు. దీనివల్ల మీకు ఏ దారీ మూసుకుపోదు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. మీరు దాన్ని తమ్ముడి మాటా, కంపెనీ మాటా అన్న ప్రశ్నగా చూస్తున్నారు. నాకు మాత్రం అందులో వేర్వేరు ప్రశ్నలు రెండు కలిసిపోయినట్టు కనిపిస్తోంది. వాచీ లోపలి ఆరోగ్యం ఒకటి, పైకి కనిపించే రూపం ఇంకొకటి. లోపలి పనికి ఆలస్యం పనికిరాదు. పై పనికి తొందర పనికిరాదు. దుకాణంవారూ సర్వీసు కేంద్రంవారూ ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టి మీ ముందు పెట్టారు. మూట విప్పి, కావలసింది తీసుకుని, మిగతాది పక్కన పెట్టే హక్కు మీకు ఉంది.

ముందు లోపలి సంగతి. గ్యారంటీ కాగితం మీద మోడల్ నంబరు 16014 అని ఉందని రాశారు. ఆ మోడల్‌లో ఉండేది 3035 అనే ఆటోమేటిక్ మెషీన్, అంటే చేతి కదలికతో తనంతట తానే కీ ఎక్కేది. దాని నడకను నియంత్రించే బ్యాలెన్స్ చక్రం సెకనుకు ఎనిమిది సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకు దాదాపు ఏడు లక్షల సార్లు. ఇరుసుల కొనలు కెంపు రాళ్లలో తిరుగుతుంటాయి. ఒక్కోచోట పడే నూనె ఆవగింజంతయినా ఉండదు, కానీ మెషీన్ మన్నిక అంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె పక్కలకు జారిపోతుంది, లేదా చిక్కబడిపోతుంది. అప్పుడు కూడా వాచీ నడుస్తూనే ఉంటుంది గనుక అంతా బాగుందని అనుకుంటాం. నిజానికి అప్పుడు లోపలి భాగాలు అరిగిపోతూ ఉంటాయి. నాన్నగారు పోయాక ఒక్కసారి కూడా సర్వీసు జరగలేదని మీరే రాశారు గనుక, పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, కొత్త నూనె వేయించడం తప్పనిసరి.

అమ్మగారు ప్రతి శనివారం ఊపుతున్నారన్న మాట చదివి, దాన్ని మీరు ఎంత సంకోచంతో రాశారో కూడా గమనించాను. ఆగి ఉన్న వాచీకి ఏ హానీ లేదు. నూనె ఎండిన వాచీకి నడకకంటే విశ్రాంతే మేలు. కాబట్టి సర్వీసు అయ్యేదాకా ఊపవద్దని చెప్పండి. ఎన్నటికీ వద్దని మాత్రం చెప్పకండి. కొత్త నూనె పడ్డాక వారానికోసారి ఆవిడ చేతిలోకి తీసుకుని మెల్లగా అటూ ఇటూ కదిపితే వాచీకి ఏమీ కాదు. ఆ శనివారాలు ఆవిడకు ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ముందుకు పోవడానికి కారణం నూనె ఒక్కటే కాకపోవచ్చు. రోజుకు నాలుగైదు నిమిషాలు పెరిగిందంటే అయస్కాంత ప్రభావాన్ని మొదట అనుమానించాలి. అమ్మగారి చేతిసంచికి అయస్కాంతపు బొత్తాం ఉందేమో చూడండి. ఇప్పుడు చాలా సంచులకు అదే ఉంటోంది. బ్యాలెన్స్ చక్రానికి ఉండే సన్నటి స్ప్రింగు చుట్లు అయస్కాంతం సోకి ఒకదానికొకటి అంటుకుంటే, స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేసి వాచీ పరుగెత్తుతుంది. మీ బడి ప్రయోగశాలలో దిక్సూచి ఉంటుంది కదా! వాచీని దాని పక్కగా మెల్లగా జరిపి, ముల్లు ఊగుతుందేమో గమనించండి. ఊగితే, ఆ ప్రభావం తీసేసే చిన్న యంత్రం మెకానిక్ దగ్గర ఉంటుంది. నిమిషం పట్టదు, పెద్ద ఖర్చూ కాదు. తర్వాత కూడా స్పీకర్లకు, ఫోన్ల, ట్యాబ్లెట్ల అయస్కాంతపు కవర్లకు దూరంగా ఉంచండి.

తడి ఎలా చొరబడిందని తమ్ముడు బాధపడుతున్నట్టున్నాడు. ఆయన తప్పు పెద్దగా లేదు. ఈ వాచీ కొత్తగా ఉన్నప్పుడు 100 మీటర్ల నీటి ఒత్తిడికి తట్టుకునేలా తయారైందే. అయితే నీటిని ఆపేవి స్టీలు గోడలు కావు. మూత దగ్గర, కీ దగ్గర ఉండే రబ్బరు వాషర్లు, కేసులో బిగువుగా కూర్చునే అద్దం అంచు. రబ్బరు ఎండి బిరుసెక్కుతుంది. వాడకుండా బీరువాలో పెట్టినా ఆగకుండా ఎండుతుంది. డయల్ మీద, మూత మీద ఏ అంకె రాసి ఉన్నా, ఏళ్ల తరబడి వాషర్లు మార్చని వాచీకి ఆ అంకె వర్తించదు. సర్వీసులో వాషర్లన్నీ మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించి, ఫలితం కాగితం మీద తీసుకోండి.

ఇక పై రూపం. ఇక్కడే నేను మీ వైపు నిలబడతాను, కానీ తమ్ముడి కోరికను తోసిపుచ్చను.

బఫింగ్ అంటే మెరుపు అద్దడం కాదు, లోహాన్ని కోయడం. మీ వాచీని కిటికీ వెలుతురులో పట్టుకుని, చైను తగిలించే నాలుగు కొమ్ములను దగ్గరగా చూడండి. కొమ్ము పైభాగం సన్నటి గీతలతో మెరవకుండా ఉంటుంది, పక్క భాగం అద్దంలా ఉంటుంది. రెండూ కలిసేచోట చాకుతో గీసినట్టు ఒక అంచు ఉంటుంది. అతివేగంగా తిరిగే గుడ్డచక్రం మీద పెట్టగానే మొదట మాయమయ్యేది ఆ అంచే. తరువాత కొమ్ములు సన్నబడి, సబ్బు బిళ్లలా గుండ్రపడతాయి. అద్దం చుట్టూ గాడులు తీర్చిన వలయం ఉంది చూశారా, ఇంట్లో అందరూ అది కూడా స్టీలే అనుకుంటున్నారని రాశారు. 16014లో అది 18 క్యారట్ల తెల్ల బంగారం. ఒక్క బఫింగ్‌తో ఆ గాడుల పదును మొద్దుబారుతుంది. నాన్నగారు చూపించే ఆ గీత లోతైనదని అన్నారు. లోతైన గీత పోవాలంటే చుట్టూ ఉన్న లోహమంతా ఆ లోతు దాకా దిగాలి.

డయల్‌కు రంగు వేయించడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నదే. పాత పూతను, అచ్చును రసాయనాలతో కడిగేసి, కొత్త రంగు మీద అక్షరాలు మళ్లీ అచ్చువేస్తారు. భూతద్దంలో చూస్తే అక్షరాలు లావెక్కి, కిరీటం గుర్తు ఆకారం చెడి, నిమిషాల గీతలు వంకరపోయి కనిపిస్తాయి. వాచీలు ఎరిగినవారు దాన్ని క్షణంలో గుర్తుపడతారు. అమ్మే ఉద్దేశం మీకు లేదని తెలుసు. అయినా వాచీ విలువ ఒక్కసారిగా పడిపోయేది ఇక్కడే. ఈ ఒక్క పని విషయంలో ఊగిసలాట లేకుండా వద్దనే అంటాను.

మరి అధీకృత కేంద్రంవారు డయల్, ముళ్లు ఎందుకు మార్చాలంటున్నారు? దానికీ ఒక న్యాయమైన కారణం ఉండవచ్చు. డయల్ కింది అంచున, ఆరు గంటల గుర్తు కింద "టి స్విస్ టి" అన్న సన్నటి అక్షరాలు ఉంటాయి. చీకట్లో వెలగడానికి ట్రిషియం అనే రేడియోధార్మిక మూలకం కలిపిన పదార్థం వాడారని దాని అర్థం. ట్రిషియం 12.3 ఏళ్లకోసారి సగానికి తగ్గిపోతుంది గనుక నలభై ఏళ్లలో పదో వంతే మిగులుతుంది. అది వెలగకపోవడం లోపం కాదు, వయసు. అయితే ఆ పదార్థం పొడిబారి ముళ్ల నుంచి రాలితే, ఆ రవ్వలు మెషీన్‌లో పడి చెడుపు చేస్తాయి. కాబట్టి కేంద్రంవారిని ఒకే ప్రశ్న అడగండి: "రాలుతోందా, లేక వెలగడం లేదని మాత్రమే మార్చమంటున్నారా?" రాలుతుంటే మార్పు గురించి ఆలోచించాల్సిందే. రాలకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంచమని కోరవచ్చు. ఇంట్లో ఎవరూ మూత తీసి ఆ పొడిని గీకే ప్రయత్నం చేయవద్దు; మూసి ఉన్నంతకాలం దానివల్ల పెట్టుకున్నవారికి భయం లేదు.

మీ ముందున్న దారులు, వాటి వెంట వచ్చేవి చెబుతాను. అధీకృత కేంద్రానికే ఇస్తే అసలు భాగాలు, రెండేళ్ల సర్వీసు గ్యారంటీ, నీటి పరీక్ష మీద భరోసా దొరుకుతాయి. ఖర్చు ఎక్కువ. తాము అవసరమనుకున్న భాగాలు మార్చనివ్వకపోతే పని చేపట్టమని అనే అవకాశమూ ఉంది. తీసిన పాత భాగాలు తిరిగి ఇస్తారో లేదో వాచీ చేతులు మారకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి, ఎందుకంటే తరువాత అడిగితే ఉపయోగం ఉండకపోవచ్చు. పెళ్లికి నాలుగు నెలలు ఉంది గనుక సమయం చాలుతుందనే అనుకుంటున్నాను, అయినా వాయిదా తేదీ రాయించుకోండి.

ఈ తరహా వాచీల మీద చేయి తిరిగిన స్వతంత్ర మెకానిక్ రెండో దారి. మీ షరతులు ఎక్కువగా మన్నించేది ఇలాంటివారే, ఖర్చూ సాధారణంగా తక్కువ. చిక్కల్లా విడిభాగాలతోనే, రోలెక్స్ తన భాగాలను బయటివారికి సులభంగా అందనివ్వదు, అందుకని బయటి తయారీ భాగం ఏదైనా వేస్తారా అని ముందే అడగాలి. ఆయన దగ్గర వాచీ నడక కొలిచే యంత్రం, నీటి ఒత్తిడి పరీక్షించే పరికరం ఉన్నాయేమో కళ్లారా చూడండి. వెనక మూత చుట్టూ ఉన్న సన్నటి పళ్లకు సరిపోయే అచ్చుతో తెరుస్తారా, ఏదో ఒక పట్టుకారుతో బలవంతంగా తిప్పుతారా అన్నది చూస్తే పనివాడి స్థాయి తెలిసిపోతుంది. నాకైతే, ట్రిషియం గట్టిగానే ఉండి, అటువంటి మనిషి మీకు దొరికితే, ఈ దారి వైపే మనసు మొగ్గుతుంది. దొరకకపోతే అధీకృత కేంద్రమే మేలు. రెండు రోజుల్లో అన్నీ చేసిస్తామన్న చోట మాత్రం, పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి, కొన్ని రోజులు నడక గమనించే వ్యవధి ఎక్కడుందో నాకు అర్థం కావడం లేదు.

మూడో దారి కూడా ఉంది: ఆరబెట్టించి, ఆపేసి, జ్ఞాపకంగా దాచుకోవడం. డబ్బు ఇబ్బంది ఉన్న ఇంట్లో ఇది తప్పేమీ కాదు, సర్వీసు ఏ ఏడాదైనా చేయించుకోవచ్చు. కానీ మీ అబ్బాయి పెట్టుకోవాలని కోరుకుంటున్నాడు గనుక మీకు ఇది సరిపోదనిపిస్తోంది.

తమ్ముడి మాటకు వస్తే, ఆయన కోరుతున్నది పెళ్లిపందిట్లో నాన్నగారి వాచీ కళకళలాడటం. అందులో తప్పుపట్టడానికి ఏముంది? ఇంత వయసున్న వాచీ మసకగా కనిపించడానికి సగం కారణం అద్దం, మిగతా సగం చైనులో చేరిన మురికి. ఈ మోడల్ అద్దం నీలమణి రకం కాదు, ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్. దాని గీతలు మెత్తటి పాలిష్ ముద్దతో రుద్దితే పోతాయి, అవసరమైతే సర్వీసులో అద్దమే కొత్తది వేయించవచ్చు. చైను నడుమ ఉన్న చిన్న గింజల సందుల్లో చెమట, దుమ్ము కలిసి నల్లగా పేరుకుంటాయి. అదే ఆకురాయిలా లోపలి పిన్నులను అరగదీసి చైనును వేలాడేలా చేస్తుంది. మెకానిక్ చేత చైను విడదీయించి, గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బు కలిపి, మెత్తటి బ్రష్షుతో కడిగితే నల్లటి నీళ్లు దిగుతాయి. ఈ రెండు పనులతోనే తమ్ముడు ఆశించిన కళ చాలావరకు వస్తుంది, కేసు మీది లోహం రవ్వంతైనా పోదు. అప్పటికీ బఫింగ్ కావాలనిపిస్తే పెళ్లయిన పదేళ్లకైనా చేయించుకోవచ్చు; ఇప్పుడు చేయిస్తే మాత్రం వెనక్కి తీసుకోలేరు. ఆయనతో "వద్దు" అనే మాటతో మొదలుపెట్టకుండా ఇది చెప్పి చూడండి. 1990లో ఆయన చిన్నవాడని రాశారు. ఆ లారీ గీత కథ మీకు తెలిసినంతగా ఆయనకు తెలుసా? తెలియకపోతే, నమ్మకం గురించిన ఈ గొడవకు అసలు చోటే లేదు. మెకానిక్‌ను వెతికే పని, అడగాల్సినవి అడిగే పని ఆయనకే అప్పగించండి. ఖర్చు పెట్టుకుంటానన్న మాటను కూడా కాదనకండి.

అబ్బాయికి కొన్ని మాటలు. రోజూ పెట్టుకోవచ్చు. తిప్పే పెట్టె అక్కర్లేదు. ఈ వాచీ ఆగిపోతే సమయం, తేదీ సరిచేసుకోవడం ఒక నిమిషం పని. కీ ఇవ్వాలంటే ముందు కీ బొత్తాం మర విప్పి, పాతిక ముప్పై చుట్లు తిప్పితే చాలు. తిరిగి బిగించేటప్పుడు మెల్లగా లోపలికి నొక్కి, ఒకసారి వెనక్కి తిప్పి మర కుదిరిందని తెలిశాక ముందుకు బిగించాలి. బలవంతపెడితే మర చెడుతుంది, బిగించడం మరిస్తే నీరు దిగుతుంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి మూడు దాకా తేదీని బొత్తాంతో మార్చకూడదు, ఆ వేళ తేదీ మార్చే పళ్లు ఒకదానితో ఒకటి పట్టుకుని ఉంటాయి. స్నానానికి, ఈతకు, క్రికెట్‌కు, షటిల్‌కు తీసి పెట్టాలి. నలుగు, మంగళస్నానం వేళ తీసేయాలి. తలంబ్రాల తర్వాత చైను సందుల్లో పసుపు బియ్యం ఇరుక్కుంటే మెత్తటి బ్రష్షుతో దులపాలి, పిన్నుతో పొడవకూడదు. సర్వీసయ్యాక రోజుకు పది సెకన్ల లోపు తేడా ఉంటే ఈ వయసు వాచీకి అది చక్కని నడకే. కొత్త వాచీలకు దాదాపు పదేళ్లకోసారి సర్వీసు చాలని కంపెనీ చెబుతుంది. దీనికి ఐదారేళ్లకోసారి చేయిస్తే నయం, నీటి పరీక్ష మాత్రం ఏటా వానలకు ముందు.

వాచీ ఎక్కడ ఇచ్చినా, ఇచ్చే ముందు పగటి వెలుతురులో డయల్, నాలుగు కొమ్ములు, ఆ గీత, వెనక మూత స్పష్టంగా ఫోటోలు తీసుకోండి. చైను విప్పితే కొమ్ముల మధ్య కేసు మీద ఒకవైపు మోడల్ నంబరు, మరోవైపు సీరియల్ నంబరు కనిపిస్తాయి. గ్యారంటీ కాగితంతో సరిపోల్చి రాసుకోండి, ఆ నంబర్ల ఫోటో తీస్తే దాన్ని ఎవరికీ పంపకండి. కువైట్ బిల్లు, గ్యారంటీ కాగితం మీ దగ్గరే ఉంచుకుని నకళ్లు మాత్రమే ఇవ్వండి. జాబ్ కార్డు మీద నోటిమాటగా కాక అక్షరాలా ఇలా రాయించి, సంతకం చేయించుకోండి: "కేసుకు, వలయానికి, చైనుకు బఫింగ్ వద్దు. డయల్, ముళ్లు అడగకుండా మార్చరాదు, రంగు వేయరాదు. మార్చిన ప్రతి భాగం తిరిగి ఇవ్వాలి. ఎడమ పక్కన ఉన్న గీతను అలాగే ఉంచాలి."